‘మీదేమన్నా ఉందా, సాయిబూ?’

గ్రామసభ అయిపోవస్తోంది. సర్పంచి లేచి కండువా సర్దుకుంటున్నాడు. కార్యదర్శి పుస్తకంలో సంతకాలు పెట్టించుకుంటున్నాడు. అప్పుడు సర్పంచికి నేను కనబడ్డాను. "మీదేమన్నా ఉందా, సాయిబూ? ఉంటే చెప్పు, రాసుకుంటారు" అన్నాడు.

ఆ మాటలో ద్వేషం లేదు. వెటకారమూ లేదు. చిన్నప్పుడు రంజాన్ నాడు మా ఇంట్లో సేమియా తిన్న మనిషి. మా అబ్బాను 'మామా' అని పిలిచిన మనిషి. ఇంత జనంలో నన్ను మరిచిపోకుండా అడిగాడు. సంతోషపడాల్సిందే. కానీ నేను సభకు పోయింది చెరువు తూము గురించి చెప్పడానికి. అది పాడై మూడేళ్లయింది. వాన పడిన ఏడు కూడా చెరువులో నీళ్లు నిలవడం లేదు. సభ మధ్యలో ఆ మాట ఎత్తబోతే "అది రైతులు చూసుకుంటార్లే" అన్నారెవరో. చివర్లో 'మీదేమన్నా' అని అడిగేసరికి, మాది ఏదో నాకు తెలిసిపోయింది. ఖబరస్తాన్ గోడ మాది. మసీదుకు వెల్ల మాది. పింఛను రాని ముసలి బీబీ మాది. వాటి గురించి నేనెంతసేపైనా మాట్లాడొచ్చు. చెరువు మాది కాదు.

నేను తూము సంగతే చెప్పాను. రాసుకున్నారు. తర్వాత పుస్తకం చూస్తే 'మైనారిటీల తరఫున చెరువు తూము మరమ్మతు కోరడమైనది' అని ఉంది. నవ్వొచ్చింది. తూముకు కూడా మతం వచ్చేసింది.

ఊరి పేరు చెప్పను. లేపాక్షి, హిందూపురం చుట్టుపక్కల ఊళ్లలో ఒకటి. ఆ సర్పంచిని బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రశ్న అతనొక్కడిదే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఏ ఊళ్లోనైనా, ఏ పార్టీ సర్పంచి ఉన్నా, మమ్మల్ని అడిగే ప్రశ్న అదే.

తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. ఎదుటివాణ్ణి బయట పెట్టి చెప్పేది మేము. లోపల కలుపుకుని చెప్పేది మనము. ఇంట్లో మేం మాట్లాడే ఉర్దూలో ఈ తేడా లేదు. రెండింటికీ ఒకటే మాట, 'హమ్'. చిన్నప్పుడు బళ్లో నేను ఈ రెండూ కలిపేసేవాణ్ణి. "రేపు మనం రంజాన్ చేసుకుంటాం" అంటే పిల్లలు నవ్వి, "మనం కాదురా, మీరు చేసుకుంటారు" అని దిద్దేవాళ్లు. అప్పుడు నా తెలుగు దిద్దుతున్నారనుకున్నాను. వాళ్లు దిద్దింది తెలుగు ఒక్కటే కాదని పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

ముప్పై ఏళ్లుగా వింటున్నాం, అధికార వికేంద్రీకరణ అని. అధికారం ఊరికి రావాలి, ఊరే తన అభివృద్ధిని తాను చూసుకోవాలి, ఊరే తన సంస్కృతిని తాను కాపాడుకోవాలి. మంచి మాటే. నేనడిగేది ఒకటే. ఊరంటే ఎవరు? ఊరు 'మనం' అన్నప్పుడు ఆ మనంలో మేం ఉన్నామా?

మా సీమకు కచేరీలు దూరమవడం, దగ్గరవడం కొత్త కాదు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు చేరారు. లేపాక్షికి సింహాసనం అంత దగ్గరగా ఉండింది. తర్వాత పెత్తనం బిజాపూరుకు పోయింది, శ్రీరంగపట్నానికి పోయింది. 1800లో నిజాం ఈ నేలను కంపెనీకి దత్తం చేశాక బళ్లారికి పోయింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు చేశారు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. మరుసటేడు రాష్ట్రంలో పంచాయితీరాజ్ చట్టం వచ్చింది. 1997లో జన్మభూమి వచ్చి అధికార్లను ఊళ్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి మా జిల్లా శ్రీ సత్యసాయి జిల్లా, కలెక్టరు ఉండేది పుట్టపర్తిలో. మా దాదా ఒక అర్జీ ఇవ్వడానికి తెల్లారుజామున సద్ది కట్టుకుని అనంతపురం పోయేవాడు. ఇప్పుడు నాలుగడుగులేస్తే సచివాలయం.

ఇది చిన్న మేలు కాదు. ఒక రోజు కూలి, బస్సు చార్జీ మిగలడం పేదవాడికి ఎంతో నాకు తెలుసు. అధికారం దూరంగా ఉంటేనే మంచిదని నేను చెప్పబోవడం లేదు.

కానీ దూరపు కచేరీకి మా మొహం తెలియదు. మా దాదా అక్కడ ఒక అర్జీ, ఒక నంబరు. దగ్గరి కచేరీకి మా పేరు తెలుసు, మా వీధి తెలుసు, మేం ఎవరికి ఓటేశామో కూడా తెలిసినట్టే. 2019లో యాభై ఇళ్లకొక వాలంటీరును పెట్టినప్పుడు పింఛను గడపలోకే వచ్చింది. ఎవరింట్లో ఏముందో ఆ కుర్రవాడికి తెలిసేది. 2024 తర్వాత ఆ ఏర్పాటు నిలిచిపోయింది గాని, అది నేర్పిన పాఠం పోలేదు. తెలిసినవాడు మేలు చేయగలడు. అదే తెలివిడితో మేలు ఆపనూగలడు. దూరపు దొర కాదంటే ఇంకో దొర దగ్గరికి పోవచ్చు. ఊళ్లో కాదంటే యాడికి పోతాం? పొద్దున లేస్తే ఆ మొహాలే చూడాలి.

గాంధీకి ఊరంటే స్వరాజ్యం. అంబేడ్కర్‌కు ఊరంటే భయం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన ఊరిని అజ్ఞానానికీ, ఇరుకు బుద్ధికీ, మతతత్వానికీ నెలవుగా చూపితే చాలామంది పెద్దలకు కోపం వచ్చింది. ఊరి బయట నిలబడి చూసినవాడి చూపు అది. మేం ఊరి బయట లేం. మాలవాడ, మాదిగవాడ లాగా మమ్మల్ని ఊరవతల పెట్టలేదు. మా ఇళ్లు ఊళ్లోనే ఉన్నాయి. అందుకే ఈ సంగతి అర్థం కావడానికి మాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఊరి లోపల ఉండడం, ఊరై ఉండడం ఒకటే అనుకున్నాం.

లేపాక్షి గుడికి వచ్చినవాళ్లకు ఒక గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. విరూపణ్ణ కథ చెప్తారు. పెనుకొండలో రాజు ఖజానా చూసే విరూపణ్ణ, రాజుకు చెప్పకుండా ఆ డబ్బుతో లేపాక్షిలో వీరభద్రుడి గుడి కట్టించాడట. రాజుకు కోపం వచ్చి కళ్లు తీయించమంటే, ఆయనే తన కళ్లు పీకి గోడకేసి కొట్టాడట. నిజమో కాదో గాని, ఈ కథ విన్నప్పుడల్లా నాకు అధికార వికేంద్రీకరణ గుర్తొస్తుంది. ఖజానా డబ్బు రాజుదా, ఊరిదా? రాజుదే అయితే విరూపణ్ణ దొంగ. ఊరిదైతే ఆయన మాకు తొలి సర్పంచి. కథ ఆ ఇద్దరి మధ్యే తిరుగుతుంది. ఆ ఖజానా నింపిన రైతు, రాయి చెక్కిన మనిషి ఎక్కడా రారు. తన పైకం ఎక్కడ ఖర్చయిందో తనకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఈ రోజు డబ్బు పైనుంచి కిందికి రావాలని కొట్లాడేవాళ్లు కూడా చాలాసార్లు రాజుకూ విరూపణ్ణకూ మధ్య తగువు గురించే మాట్లాడతారు. రాష్ట్రం సర్పంచికివ్వాలా, ఎమ్మెల్యేకివ్వాలా అని. డబ్బు ఊళ్లోకి దిగాక ఎవరి వీధికి పోతుందన్నది ఆ తగువులో ఉండదు.

మా అబ్బాది చింతపండు బేరం. చెరువు కట్ట మీద చింతచెట్ల కాపును పంచాయితీ ఏటా వేలం వేసేది. అబ్బా పాట పాడి గుత్తకు తీసుకునేవాడు. కాయలు రాల్చి ఇంటికి చేరిస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని పెంకు తీసి, గింజ కొట్టి, హిందూపురం మార్కెట్టుకు వేసేవాళ్లం. మా అమ్మీ వేళ్లు ఆ పులుపుకు పగిలిపోయేవి. పంచాయితీకి కళ్లబడే రాబడి ఉన్నదే ఆ చెట్ల మీద. వీధి దీపం బల్బు కూడా ఆ డబ్బుతోనే వచ్చేదని అబ్బా నవ్వుతూ చెప్పేవాడు. ఆయన ముప్పై ఏళ్లు ఆ పంచాయితీకి డబ్బు కట్టాడు. ఆ పంచాయితీలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. వేలంలో అంకె చెప్పడానికి తప్ప ఆయన గొంతు అక్కడ లేవలేదు.

ఎందుకంటే మాకు భూమి లేదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని ఈ మెట్ట సీమలో భూమి ఉన్నవాడికే దిక్కు లేదు, నిజమే. అయినా ఊరంటే భూమి ఉన్నవాళ్లే. 1997లో సాగునీటి సంఘాల చట్టం తెచ్చినప్పుడు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే ఓటు ఇచ్చారు. వాటర్‌షెడ్లు వచ్చినప్పుడు కట్టలు, కుంటలు పొలాల్లోనే పడ్డాయి. పొలం లేనివాడికి నాలుగు రోజుల కూలి దొరికింది. చెరువు ఎండితే చింతచెట్టు కాపు తగ్గుతుంది, మేకలకు నీళ్లుండవు, వీధి బోరు అడుగంటుతుంది, గుడ్డలుతికే చాకలి చేతికి పని ఉండదు. ఆ నష్టం మాకు కాదా? దర్జీకి, సైకిల్ షాపువాడికి, పరుపులు కుట్టే దూదేకుల హుసేనప్పకు ఊళ్లో పంట పండకపోతే పండగుంటుందా? ఊరి కరువులో మాకు సమానంగా భాగం వచ్చింది. ఊరి నీటి మీద మాటలో రాలేదు.

అందుకే 'మీదేమన్నా' అనే ప్రశ్నను మతం ఒక్కటే పుట్టించిందని నేననుకోను. భూమి ఉన్నవాళ్ల 'మేము' ఎప్పటినుంచో ఊరి 'మనం' అని పేరు పెట్టుకుని తిరుగుతోంది. రిజర్వేషన్ మీద గెలిచిన దళిత సర్పంచిని కూడా "మీవాళ్లకేమన్నా చేసుకో" అంటారు. ఊరందరికీ సర్పంచి అయినవాడికి కూడా వాడలోనే పెత్తనం గీసిచ్చారు. బలిసిన కులం సర్పంచిని "మీదేమన్నా ఉందా" అని ఎవరూ అడగరు. అతను నోరు తెరిస్తే ఊరు మాట్లాడినట్టే లెక్క.

మరి చట్టం మమ్మల్ని పూర్తిగా మరిచిపోయిందా? లేదు. 1994 చట్టంలో మండల పరిషత్తుకు ఒకరిని, జిల్లా పరిషత్తుకు ఇద్దరిని మైనారిటీల నుంచి కో ఆప్షన్ సభ్యులుగా తీసుకోవాలని ఉంది. 2006లో సచార్ కమిటీ ఈ ఆంధ్రప్రదేశ్ ఏర్పాటును మిగతా రాష్ట్రాలకు దారిగా చూపింది కూడా. మాకు దూరపు చుట్టం ఒకాయన, చిచ్చా అంటాం, ఒక మండలంలో అయిదేళ్లు అలా సభ్యుడిగా ఉన్నాడు. ఎట్లుంది చిచ్చా అనడిగితే ఆయన చెప్పిన మాట నేను మరిచిపోలేను. "పిలుస్తారు బేటా. టీ ఇస్తారు. మాట్లాడమంటారు. నేను మాట్లాడితే అందరూ మర్యాదగా వింటారు. ఒక్కరూ ఎదురు చెప్పరు. నన్ను ఓడించాలని కూడా ఎవరికీ లేదు."

లేపాక్షి మండపంలో ఒక స్తంభం నేలను పూర్తిగా అంటకుండా వేలాడుతుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు దాని కింద నుంచి గుడ్డ తీసి ఆనందపడతారు. చిచ్చా మాట విన్నాక ఆ స్తంభాన్ని చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. లెక్కలో స్తంభమే. చెక్కడం కూడా బాగుంది. కప్పు బరువు మాత్రం మిగతావి మోస్తున్నాయి.

ఆయన్ను ఎన్నుకున్నది మా వీధి కాదు, మండలంలో గెలిచిన సభ్యులు. మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఆయనకు లేదు. ఎవరు కూర్చోబెట్టారో వాళ్ల మొహం చూడక తప్పదు. ఈ ఏర్పాటు వద్దని నేననను. అది కూడా లేకపోతే ఆ గదిలో మా ఊసు ఎత్తే నోరే ఉండదు. అయితే ఆ కుర్చీ చూపించి "మీవాడున్నాడు కదా" అన్నప్పుడే చిక్కు. మావాడు ఉండడం వేరు, మేం ఉండడం వేరు. పైగా అది మండలం మెట్టు మీద, జిల్లా మెట్టు మీద ఉన్న ఏర్పాటు. మేం నీళ్లు తాగేది ఊరి బోరులో.

ఇక సంస్కృతి మాట. 73వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 11వ షెడ్యూలులో పంచాయితీలకు అప్పగించదగినవని 29 అంశాలున్నాయి. సాంస్కృతిక కార్యకలాపాలు అందులో ఒకటి. సంతలు, జాతరలు మరొకటి. అంటే ఊరు తన పండగను, తన పాటను, తన ఆటను తానే నిలుపుకోవాలని రాజ్యాంగం అనుకుంది. జరిగిందేమిటి? ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంస్థ దుకాణాలకు లేపాక్షి పేరు పెట్టారు. ఆ పేరు పట్నాలన్నీ తిరిగింది. 2016లో, 2018లో ప్రభుత్వం లేపాక్షి ఉత్సవాలు చేసింది. అడివి బాపిరాజు పాట కట్టిన బసవన్న ముందు దీపాలు వెలిగాయి. 2022లో గుడీ, బసవన్నా యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కారు. మాకూ గర్వమే. ఇరవై ఏడడుగుల ఆ ఒంటిరాతి బసవన్నను చూడ్డానికి వచ్చే చుట్టాలను వెంటబెట్టుకుపోయి చూపించింది నేనే. కానీ ఊరి పేరు పెరగడం, ఊరు పెరగడం రెండు వేర్వేరు సంగతులు. వేదిక మీద ఎవరు ఆడాలో, ఏది మన సంస్కృతో రాజధానిలో రాసి పంపితే, ఊరు తన పండగకు తానే ప్రేక్షకుడైపోతుంది.

ఎవరూ రాసి పంపని సంస్కృతి ఒకటి ఈ సీమలో ఉంది. మొహర్రం వచ్చిందంటే పీర్ల సావిడికి వెల్ల వేసేది రైతు. అలావా గుండం తవ్వేది ఇంకో కులం. కట్టెలు తెచ్చేది మరొకరు. పీరును ఎత్తేది ముజావరు. చక్కెర చదివించేది అందరూ. పాత అనంతపురం జిల్లాలోనే, మాకు ఉత్తరంగా నార్పల మండలంలో గూగూడు ఉంది. అక్కడి కుళ్లాయిస్వామి పీరుకు మొక్కుకుని పుట్టిన బిడ్డలకు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పేర్లు పెట్టుకునే హిందువుల ఇళ్లు జిల్లా అంతటా ఉన్నాయి. పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసుకు బండ్లు కట్టుకుని వచ్చేది మేమొక్కళ్లమే కాదు. ఈ పండగల్లో ఎవరూ "మీదేమన్నా ఉందా" అనరు. అక్కడ పని పంచుకునే ఉంది.

ఇప్పుడు దీనికి రెండు వైపులా ఎసరు. పీరు తురకలది, మనమెందుకు పోవాలనేవాళ్లు ఒక వైపు. పీరు ఇస్లాంలో లేదు, మనమెందుకు ఎత్తాలనేవాళ్లు మా వైపు. ఎవరి నమ్మకం వాళ్లది. ఎత్తనివాణ్ణి ఎత్తమని నేను బలవంతపెట్టను. కానీ ఊరంతా కలిసి కట్టుకున్న సావిడి కప్పు కూలితే బాగుచేయించే పని ఎవరిది? పంచాయితీని అడిగితే "వక్ఫ్ వాళ్లనడగండి" అంటారు. ఇన్నేళ్లు ఊరిదైన సావిడి కాగితం మీదకెక్కేసరికి 'మీది' అయిపోతుంది. కాగితానికి 'మనది' అనే గడి లేదు.

అయితే పీర్ల పండగను చూపించి "చూడండి, మన ఊళ్లల్లో ఎంత ఐకమత్యమో" అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. అక్కడున్నది ఆదరణ. ఆదరణ గొప్పది. అది హక్కు కాదు. పీరును మోసేటప్పుడు ముజావరు కాళ్లకు నీళ్లు పోసిన చేతులే, ఇంటి స్థలాల జాబితాలో ఆయన పేరు వదిలేయొచ్చు. ఆ రెండూ ఒకే మనిషి ఒకే మనసుతో చేయగలడు. ఆదరణ ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడుతుంది. ఈ ఏడు ఉంటుంది, ఎక్కడో దూరాన ఒక అల్లరి జరిగితే వచ్చే ఏడు ఉండకపోవచ్చు. 1992 డిసెంబరు 6 తర్వాత మాకది తెలిసొచ్చింది. అయోధ్య ఎక్కడ, మా ఊరెక్కడ? అయినా ఆ వారం ఊళ్లో నడిచేటప్పుడు నా అడుగు మారింది. నన్నెవరూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా వాళ్ల మంచితనం మీద నిలబడిందని ఆ రోజు మొదటిసారి తోచింది.

అదే నార్పల మండలంలో బండ్లపల్లి ఉంది. 2006 ఫిబ్రవరి 2న దేశమంతటికీ ఉపాధి హామీ పథకం మొదలైంది ఆ ఊళ్లోనే. ఆ చట్టంలో నాకు నచ్చింది ఒకటుంది. పని అడిగినవాడికి పని ఇవ్వాలి. అడిగినవాడు ఎవరని లేదు. ఊరి మనిషైతే చాలు. దాని అమలులో ఎన్ని దొంగలెక్కలు, ఎన్ని ఆలస్యాలు ఉన్నాయో సామాజిక తనిఖీ సభల్లో అందరం విన్నాం. అయినా జాబు కార్డు చేతిలో పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు మా వీధి ఆడవాళ్లు ఎవరి దయకూ నిలబడలేదు. రంజాన్ తోఫా సంచుల కోసం నిలబడ్డ వరస వేరు, ఆ వరస వేరు. తోఫాలో ఇచ్చినవాడి బొమ్మ ఉంటుంది. హక్కులో పుచ్చుకున్నవాడి పేరుంటుంది.

గూగూడులో ఉన్నది, బండ్లపల్లిలో మొదలైనది రెండూ కలవాలి. నా దృష్టిలో వికేంద్రీకరణ అంటే అదే. ఆదరణ లేని హక్కు కోర్టు కాగితంలా ఎండిపోతుంది. పక్కింటివాడి మీద రోజూ చట్టం చూపిస్తూ ఎవరం బతకలేం. హక్కు లేని ఆదరణ అడుక్కునేవాడి జోలె. ఊరికి అధికారం ఇచ్చేటప్పుడు ఆ ఊళ్లో బలం లేనివాడికి గట్టి హక్కు కూడా కలిపి ఇవ్వకపోతే, ఇచ్చింది ఊరికి కాదు, ఊళ్లో ఉన్న పెత్తనానికి.

ఇంతా చెప్పి మా ఇంటి సంగతి దాచుకుంటే అన్యాయమవుతుంది. మా దీన్‌లో మశ్వరా ఉంది. పదిమంది కూర్చుని మాట్లాడుకుని పని చేయాలన్నది మాకు ఎవరో నేర్పాల్సింది కాదు. ఒక ఊరి జకాత్ ముందు ఆ ఊరి పేదలకే అందాలన్న పద్ధతి కూడా ఉంది. వికేంద్రీకరణకు ఇంతకన్నా సూటి మాట ఏముంటుంది? మరి మా మసీదు కమిటీలో ఎవరున్నారు? నాలుగిళ్ల వాళ్లే తిప్పి తిప్పి ఉంటారు. దూదేకుల వాళ్లను వరసలో నిలబెట్టుకుని నమాజు చేస్తాం, వియ్యానికి మొహం తిప్పుకుంటాం. వాళ్ల తెలుగు పేర్లను చూసి నవ్వుతాం. ఆడవాళ్లను మశ్వరాకు పిలిచిన రోజు నాకు గుర్తు లేదు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు వచ్చాక మా వీధి నుంచి ఒకామె వార్డు మెంబరుగా గెలిచింది. సమావేశాలకు ఆమె భర్త పోయేవాడు. సంతకం కోసం పుస్తకం ఇంటికొచ్చేది. సర్పంచి నన్నడిగిన మాటైనా మేం ఆమెను అడగలేదు. మా లోపల కూడా కో ఆప్షన్ సభ్యులు ఉన్నారు. వాళ్లను మేం కూర్చోబెట్టలేదు, నిలబెట్టాం.

కాబట్టి నేనడిగేది మాకు ఇంకో కుర్చీ వేయమని కాదు. కుర్చీలు వేస్తే వద్దనను. గ్రామసభ శుక్రవారం జుమా వేళకు పెట్టకండి. లబ్ధిదారుల జాబితా సభలో అందరూ వినేలా చదవండి. బెంగుళూరుకు కూలికి పోయినవాళ్లు ఊరికొచ్చే పండగ రోజులు చూసి సభ పెట్టండి. నీటి సంఘంలో నీళ్లు తాగేవాడికీ, పశువును తోలుకొచ్చేవాడికీ మాటివ్వండి. పీర్ల సావిడిని ఊరి ఆస్తుల పుస్తకంలో ఊరిదిగా రాయండి. ఇవన్నీ చిన్న పనులు. ఇందులో ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. చేయడానికి మనసు రావడమే పెద్ద పని.

నాకు మైనారిటీ అనే మాట మీద కోపం లేదు. దేశం లెక్కలో మేం తక్కువమందిమే. కానీ చెరువు ముందు నిలబడ్డప్పుడు నేను మైనారిటీని కాను. దప్పిక ఉన్నవాణ్ణి. ఖబరస్తాన్ గోడ గురించి హిందువు అడిగిన రోజు, చెరువు తూము గురించి ముస్లిం అడిగినా మామూలుగా తీసుకున్న రోజు, ఊరికి అధికారం వచ్చిందని నేను నమ్ముతాను. అంతవరకు కచేరీ మాత్రమే వచ్చింది.

ఈ మధ్య మళ్లీ సభకు పోయాను. సర్పంచి మారాడు. చివరిదాకా ఆగలేదు. మధ్యలోనే లేచి, "ఆ తూము సంగతి మనం ఏం చేద్దాం?" అన్నాను. మనం అన్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది. బళ్లో పిల్లలు నవ్విన సంగతి గుర్తొచ్చింది. వెనక వరసలో ఎవరో ముసలి రైతు, "అవునప్పా, ఆయప్ప చెప్పింది నిజమే, మనం ఏమన్నా చెయ్యాల" అన్నాడు.

ఈసారి ఎవరూ దిద్దలేదు. తూము ఇంకా బాగుపడలేదు.